బెత్తెడు సందు

తల్లిని మట్టి చేసి వచ్చి, తలస్నానం చేసి, తడిబట్ట ఇంకా ఆరకముందే వెంకటేశులు కారు షెడ్డు షట్టరుతో కుస్తీ పట్టాడు. ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

షట్టరు పైనుంచి గడగడమంటూ బాగానే దిగేది. నేల ఇంకా బెత్తెడు దూరం ఉందనగా ఎడమపక్క టక్కున ఆగేది. కుడిపక్క ఇంకొంచెం జారి, షట్టరు మొత్తం ఒక పక్కకు ఒరిగి బిగుసుకుపోయేది. కాలితో తొక్కినా అంతే, ఇద్దరు కలిసి వేలాడినా అంతే.

మామూలు రోజైతే ఆ సందు ఎవరికీ పట్టేది కాదు. నెలరోజులుగా అది అట్లాగే ఉంది. ఈరోజు మాత్రం ఇల్లంతా దానిమీదే ఆధారపడింది. అరుగు మీద కూర్చున్న చిన్నాయన బాలప్ప తేల్చి చెప్పేశాడు. దీపాలు పెట్టే వేళకు షట్టరు నేల తాకాలి. దానికి అడ్డంగా కంప పడాలి. అట్లా కాకపోతే ఆరు నెలలు ఇల్లే పాడుపెట్టాలి.

ఆ పక్క పల్లెల్లో పాడుపెట్టడమంటే కూలగొట్టడం కాదు. పోకూడని నక్షత్రంలో మనిషి పోతే, ప్రాణం పోయిన ఇంటికి తాళమేసి, వాకిలికి ముళ్ళకంప అడ్డం పెట్టి, పొయ్యి రాజెయ్యకుండా వదిలేసి పోవడం. ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఐదూ అట్లాంటి నక్షత్రాలే. మనిషి ఎప్పుడు పోతాడో చెప్పలేని పంచాంగం, ఎప్పుడు పోకూడదో మాత్రం గడియలతో సహా చెబుతుంది. తల్లి బయమ్మ శతభిషంలో పోయింది. అయితే ఇంట్లో పోలేదు, షెడ్డులో పోయింది కాబట్టి షెడ్డును పాడుపెడితే చాలు. అది దానంతటది జరగలేదు. అట్లా జరిగేటట్టు ఇంట్లోవాళ్ళే చూసుకున్నారు.

వెంకటేశులుకు ఆ ఇల్లంటే ప్రాణం. వేరుశనగ వేస్తే విత్తనం కూడా తిరిగి రాని ఏళ్ళు చూశాడు. బోరు వేయిస్తే నీళ్ళకు బదులు తెల్లటి దుమ్ము లేవడం చూశాడు. చివరికి గుట్ట మీది చేను గాలిమరల వాళ్ళకు కౌలుకిచ్చి, గార్లదిన్నెలో పైపుల అంగడి పెట్టుకుని, నిలదొక్కుకుని, పాత మట్టిమిద్దె పడగొట్టి ఈ ఇల్లు కట్టాడు. గృహప్రవేశమై ఏడాది తిరగలేదు. ఇంతలోనే వాకిలికి కంప పడితే ఊరు ఊరుకుంటుందా? ఇల్లు అచ్చిరాలేదంటుంది. ఆ మాట ఒకసారి పడిందంటే ఎన్ని సున్నాలు కొట్టినా పోదు. పోనీ వదిలేసి పోదామన్నా, అంగడి వెనక పైపులు పేర్చుకునే గది తప్ప తలదాచుకునే చోటు వేరే లేదు.

అందుకే, అనంతపురం ఆసుపత్రిలో ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్న రోజున అందరి కళ్ళూ పంచాంగం మీద పడ్డాయి. మర్నాటి నుంచి ధనిష్ఠ. భార్య ఇంద్రాణి కొత్త వంటింటి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. షెడ్డు అన్న మాట వెంకటేశులు నోటినుంచే వచ్చింది. బాలప్ప లేచి షెడ్డు చుట్టూ తిరిగి వచ్చాడు.

"గోడ ఒగటే అయినా కప్పు వేరే కదప్పా. దాని రేకులు దానికే ఉండాయి. దోషం ఆ రేకుల కిందనే ఆగుతాది" అన్నాడు.

దోషానికి ఇటుకగోడ అడ్డం రాదట, రేకు అడ్డమొస్తుందట. ఎవరూ నవ్వలేదు. కారు బయటికి వచ్చి ఎండలో నిలబడింది, తల్లి లోపలికి పోయింది. మంచం మీద ప్రాణం పోకూడదని నేలమీదే పరుపు వేశారు. తల దక్షిణానికి ఉండాలన్నాడు బాలప్ప. షట్టరు ఉన్నది దక్షిణానికే. ఎడమ గోడవారగా, తల షట్టరుకు మూరెడు దూరంలో ఉండేటట్టు బయమ్మను పండబెట్టారు.

"లోపల ఉక్కపోస్తాండాది కదమ్మా, ఈడ గాలి బాగుంటాది" అన్నాడు వెంకటేశులు.

ఎండాకాలం, రేకుల కింద, గాలి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, ఇది అతకనూ లేదు. బయమ్మ రేకుల వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. సరే నాయనా, నా వక్కాకు సంచి ఈ పక్క పెట్టు, అంది. ఆమెకు ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. తన అత్తను, అంటే వెంకటేశులు జేజిని, ఇట్లాంటి నక్షత్రం వస్తోందనే గొడ్ల కొట్టంలోకి మోసింది ఆమె చేతులే.

ఆ సాయంత్రం, కుక్కలు దూరతాయని, పురుగూపుట్రా వస్తాయని అతను షట్టరు దించుతుంటే మాత్రం తల తిప్పి అడిగింది.

"పూర్తిగా ఎయ్యొద్దు నాయనా. నాకు దిగులైతాది. కొట్టమైతే తలుపుండదు."

వెంకటేశులు వినయంగా తల ఊపి, పూర్తిగా వేశాడు.

ఆ మరుసటి రోజే షట్టరు మొరాయించడం మొదలుపెట్టింది. దుమ్ము పట్టి ఉంటుందిలే అనుకున్నాడు. అనంతపురం గాలికి దుమ్ము పట్టనిది ఏముంది? బాగు చేయిస్తానంటే, ఉండనీలే గాలొస్తాది, అంది తల్లి. ఒక్కరోజో రెండ్రోజులో ఉండే మనిషి కోసం మేస్త్రీని పిలవడం ఎందుకులే అని అతనూ ఊరుకున్నాడు.

కానీ బయమ్మ పోలేదు. రేవతి దాటింది, అశ్విని వచ్చింది. ఇంట్లోకి తీసుకుపోదామా అని ఒక మాట నడిచింది. ఇప్పుడు మోసుకుపోయి నెల తిరిగేసరికి మళ్ళీ బయటికి మోయాలా, ఆ ముసలి ఒళ్ళు ఎన్నిసార్లు తట్టుకుంటుంది అంది ఇంద్రాణి. మాట న్యాయంగానే ఉంది. చేయకూడని పనులన్నీ మనుషులు న్యాయంగా ఉన్న మాటలు చెప్పుకునే చేస్తారు. నెల తిరిగింది. ధనిష్ఠ వచ్చి పోయింది. శతభిషంలో, తెల్లవారుతుండగా, ఆమె పోయింది.

ఆ నెలరోజుల్లో వెంకటేశులుకు ఒక పాడు అలవాటు పట్టుకుంది. సాయంత్రం అంగడి కట్టేసి వచ్చి, చెప్పులు గేటు దగ్గరే విడిచి, పిల్లిలా అడుగులేసుకుంటూ షట్టరు దాకా వచ్చి నిలబడేవాడు. అప్పటికే రామాంజినమ్మ షట్టరు దించి పోయుండేది. ఆమె ఊరి చివరి కాలనీ మనిషి. బయమ్మకు ఒళ్ళు తుడిచి, గంజి తాపి, పక్కబట్టలు మార్చేది ఆమే. తను ఎందుకు నిలబడేవాడో వెంకటేశులుకు తెలుసు. లోపల ఊపిరి వినబడుతుందా లేదా అని. షట్టరెత్తి లోపలికి పోయి తల్లి పక్కన కూర్చుంటే సరిపోయేది. అది మాత్రం చేతనయ్యేది కాదు. ఆమె ముఖం చూడాలంటే సిగ్గు.

అతను పెదవి కదపకముందే లోపలినుంచి గొంతు వచ్చేది.

"ఉండానులే నాయనా. పోయి అన్నం తిను."

రోజూ అదే మాట. వేరేవాళ్ళు వచ్చి నిలబడితే ఆ మాట రాదు. చప్పుడు లేకుండా వచ్చిన తనను ఆమె ఎట్లా కనిపెడుతోందో అతనికి అంతుపట్టేది కాదు. తల్లిప్రాణం కదా, దానికి తెలుస్తుందిలే అని సరిపెట్టుకుని ఇంట్లోకి పోయేవాడు. చెప్పినట్టే అన్నం తినేవాడు.

ఇంద్రాణికి మాత్రం వేరే దిగులు. అత్త అడకొత్తు కనబడటం లేదు. వక్కలు కత్తిరించుకునే ఇనుప అడకొత్తు, ఇత్తడి పిడిది, పుట్టింటినుంచి బయమ్మ తెచ్చుకున్నది. అది లేక ముసలామె వక్కలు రోట్లో దంచి పెట్టమని రామాంజినమ్మను అడిగేది. అడకొత్తు ఏమైందని ఇంద్రాణి అడిగితే బయమ్మ, యాడనో పడిందిలే అని గోడవైపు తిరిగేది. షెడ్డులోకి రోజూ వచ్చిపోయే మనిషి ఒక్కరే. ఇంద్రాణి ఆ మాట రామాంజినమ్మ ముఖం మీదే అనేసింది కూడా. రామాంజినమ్మ, నేను తీయలేదక్కా, అని ఊరుకుంది. ఒట్టు పెట్టలేదు, కన్నీళ్ళు పెట్టలేదు, పనికి రావడం మానలేదు. అంత నిబ్బరంగా ఉందంటే దొంగే అయి ఉంటుందని ఇంద్రాణి తీర్మానించుకుంది.

ఇప్పుడా రామాంజినమ్మే షెడ్డు కడిగి, పసుపునీళ్ళు చల్లి, చీపురు పట్టుకుని పెరట్లో ఒక పక్కగా నిలబడి షట్టరు తంటా చూస్తూ ఉంది.

గార్లదిన్నె నుంచి షట్టర్ల పనిచేసే ఐజాక్ మోటారుసైకిలు మీద వచ్చాడు. వచ్చీరాగానే, ఏముందన్నా, నూనె చుక్కలేక ఏడుస్తాండాది అన్నాడు. నూనె పోశాడు. ఆగింది. కారు ఎప్పుడో గుద్ది కుడిపక్క గాడి సొట్టబోయింది, అదే కారణమన్నాడు. షట్టరు అంచులు జారే ఆ ఇనుప గాడిని సుత్తితో కొట్టి సాపు చేశాడు. అయినా ఆగింది. నిచ్చెన ఎక్కి పైనున్న స్ప్రింగు బిగువు తగ్గించాడు. ఈసారి షట్టరు ఇంకా జోరుగా దిగి, ఇంకా గట్టిగా, అక్కడే ఆగింది.

సందుకు ఇటుకలు పేర్చి పూడిస్తే సరిపోదా అని ఇంద్రాణి అడిగింది. బాలప్ప ఒప్పుకోలేదు. తలుపు తలుపు మాదిరిగానే మూసుకోవాలి, పూడిస్తే అది సమాధి కిందికి లెక్క, ఇంటి గోడకు సమాధి ఆనించుకుని కాపురం చేస్తారా అన్నాడు. ఆ పెద్దమనిషి దగ్గర ప్రతి దోషానికీ ఒక రేకు ఉంది, ప్రతి రేకుకూ ఒక చిల్లు ఉంది.

ఐజాక్ చివరికి ఎడమపక్క గాడిలోకి సన్నటి కమ్మీ దూర్చి కెలికాడు. ఏదో తగిలింది. రాయో, తుప్పు పెళ్ళో తెలియలేదు. గాడి కోసి చూడాల్సిందే, మిషను తెస్తానని బండెక్కి పోయాడు. పొద్దు అప్పటికే గాలిమరల గుట్ట వైపు వాలుతోంది. బాలప్ప అరుగు మీద కూర్చుని, ముందుజాగ్రత్తగా కొట్టించి తెచ్చిన కంపను చూస్తున్నాడు. ఇంద్రాణి స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

వెంకటేశులుకు వాళ్ళ మధ్య కూర్చోబుద్ధి కాలేదు. లోపలినుంచి చూస్తే ఏమైనా తెలుస్తుందేమోనని షట్టరెత్తి షెడ్డులోకి పోయి, వెనక దాన్ని దించాడు. అది రోజూ ఆగే చోటే ఆగింది. చీకట్లో నేలవారగా ఒక వెలుతురు గీత మిగిలింది. లోపల పసుపునీళ్ళ వాసన, రేకుల కాక. గాడి అడుగు చూడాలంటే పడుకోక తప్పదు. పడుకున్నాడు. అది తల్లి పరుపు ఉన్న చోటని వీపుకు తడి తగిలాక గుర్తుకొచ్చింది.

తల పక్కకు తిప్పితే సందులోంచి పెరడు కనబడింది. పెరడంటే పెరడు కాదు, నేల. ఎర్రమట్టి, కోడి ఈక, చీపురు గీతలు. అంతలో రెండు కాళ్ళు వచ్చాయి. పగిలిన మడమలు, వంకర తిరిగిన బొటనవేలు. బాలప్ప కాళ్ళు. షట్టరు దగ్గరికి వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి పోయాయి. ఎవరివో తెలుసుకోవడానికి అతనికి క్షణం పట్టలేదు.



అమ్మ తన రాకను కనిపెట్టింది తల్లిప్రాణంతో కాదు. చూసింది. రోజూ చూసింది. ఇల్లంతా ఇటు రావడం మానేసిన వేళ, కొడుకు కాళ్ళు చెప్పుల్లేకుండా, దొంగ కాళ్ళ మాదిరిగా వచ్చి, లోపలికి రాకుండా, తను ఉందా పోయిందా అని నిలబడటం ఈ సందులోంచే చూసింది. చూసి, అతను అడగలేని ప్రశ్నకు తానే జవాబు చెప్పి, అన్నానికి పంపింది.

చెయ్యి చాపితే ఎడమపక్క గాడి అందింది. ఫోను వెలుతురులో చూస్తే ఇనుపరేకుల మధ్య చిలకపచ్చ గుడ్డ అంచు ఒకటి కనబడింది. గోటితో పట్టి లాగాడు. రాలేదు. షట్టరును కాస్త పైకెత్తి రెండు చేతులతో లాగితే ఊడివచ్చింది. తల్లి చీరపేలిక, దాన్ని ఎన్ని చుట్లు చుట్టిందో. విప్పితే లోపల అడకొత్తు. నడవలేని, కూర్చోలేని మనిషి, పడుకున్నచోటినుంచే దాన్ని గాడిలో దూర్చి బిగించింది. ఒక్కతే చేసి ఉండదు. నేను తీయలేదక్కా అన్న గొంతు అతనికి ఇప్పుడు వేరేగా వినబడింది.

షట్టరు మీద చెయ్యి వేశాడో లేదో, వెన్నలా జారి నేలకు ఆనుకుంది. ఐజాక్ కొట్టిన సుత్తిదెబ్బలూ నూనే వృథా పోలేదు. చప్పుడు కూడా లేదు.

చీకటి. ఫోను ఆర్పితే తన చెయ్యి తనకు కనబడలేదు. రేకుల కాక దిగివచ్చి ముఖం మీద కూర్చుంది. బయటి లోకం అంతా ఒక్కసారిగా ఎటో పోయింది. కాకి అరుపు లేదు, మనిషి మాట లేదు. ఊపిరాడక లేచి కూర్చున్నాడు. లేవగలిగాడు కాబట్టి కూర్చున్నాడు. మొదటి రాత్రి ఆమె లేవలేకపోయింది. దిగులైతాది అని నోరు తెరిచి చెప్పినా, తల ఊపి మరీ ఇదే చీకట్లో ఆమెను పెట్టి పోయాడు. ఇంకొక్క మాట అడగకుండా, మర్నాడు తన అడకొత్తుతో తానే ఆ సందు సంపాదించుకుంది.

పొద్దుటినుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చప్పుడు బయటికి పోకుండా తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఎంతసేపో ఏడ్చాడు. తర్వాత షట్టరును జానెడు పైకి లేపి, పేలికను మళ్ళీ అడకొత్తుకు చుట్టి, ఉన్న చోటే దూర్చి, మడమతో తన్ని బిగించి, షట్టరు దించాడు. టక్కుమంది. బెత్తెడు వెలుతురు మళ్ళీ నేలమీద పడింది.

సందుకు అవతల రెండు కాళ్ళు నిలబడి ఉన్నాయి. మట్టికొట్టుకున్న పాదాలు, పక్కన చీపురు కొస. షట్టరు పూర్తిగా పడటం, మళ్ళీ లేవడం రామాంజినమ్మ చూసింది. ఆ కాళ్ళు మెల్లగా వెనుదిరిగి పోయాయి.

"ఏమప్పా, పడిందా?" అరుగు మీదనుంచి బాలప్ప కేకేశాడు.

వెంకటేశులు గొంతు సవరించుకున్నాడు. "పడల్యా చిన్నాయనా. పడదు."

బయటికి వచ్చి, ఇల్లే పాడుపెడదామన్నాడు. కంప పెద్దవాకిలికే వెయ్యమన్నాడు. ఐజాక్ మిషనుతో తిరిగొచ్చి, కోస్తే ఎంతసేపన్నా, చిటికెలో అయిపోతాది అన్నాడు. వద్దన్నాడు. ఐజాక్ అతని ఎర్రటి కళ్ళు చూసి మారుమాట లేకుండా సంచి కట్టుకున్నాడు. బాలప్ప మాత్రం సంతోషించలేదు. ఇంత చెప్పినా పని కానియ్యలేదని గొణిగాడు.

ఇంద్రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అత్త పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని మొగుణ్ణి అడిగింది.

"ఇల్లు పాడుపెట్టేదే అయితే, అత్తను ఆడ ఎందుకు పండబెట్టినట్టు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేక సామాను సర్దడం మొదలుపెట్టారు. బియ్యం, బట్టలు, దేవుడి పటాలు, గ్యాసుబండ కారులోకి ఎక్కాయి. వంటింట్లో ఉప్పుజాడీ మర్చిపోయానని ఇంద్రాణి మళ్ళీ లోపలికి పోయి, ఖాళీ చేతులతో బయటికి వచ్చింది. తాళం వేశారు. బాలప్ప కంప లాక్కొచ్చి వాకిలికి అడ్డం పెట్టాడు. గృహప్రవేశం నాడు కట్టిన మామిడాకుల తోరణం ఎండిపోయి ఇంకా గుమ్మానికే వేలాడుతోంది.

రామాంజినమ్మ చీపురు గోడకు ఆనించి పోబోతుంటే ఇంద్రాణి ఆమెవైపు అదోలా చూసింది. వెంకటేశులు ఆ చూపు చూశాడు.

"అడకొత్తు ఎవురూ ఎత్తుకపోల్యా" అన్నాడు భార్యతో, రామాంజినమ్మకు కూడా వినబడేటట్టు. "అమ్మ దగ్గరే ఉండాది."

అత్తతోపాటు గుంతలోకి పోయిందేమోలే అనుకుని ఇంద్రాణి తల దించుకుని కారెక్కింది. రామాంజినమ్మ నిలబడలేదు, పోతూ పోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

వెంకటేశులు కారు దాకా పోయి ఆగాడు. చెప్పులు విడిచి, షట్టరు దగ్గరికి నడిచి, రోజూ నిలబడే చోటే నిలబడ్డాడు. ఈసారి చప్పుడు చేస్తూనే నడిచాడు. చీకటి పడుతోంది, గుట్ట మీద గాలిమరలకు ఎర్రదీపాలు వెలిగాయి. కాళ్ళు బాగా కనబడాలని సందుకు ఇంకొంచెం దగ్గరగా జరిగి చాలాసేపు నిలబడ్డాడు. అన్నం తినమని ఎవరూ అనలేదు.